కుక్క ఆగిన చోటు: యాచారం గుట్టల్లో ఏడు రోజుల మ్యాపు పని

పనికి ముందు

రంగారెడ్డి జిల్లా యాచారం మండలంలో మా పెద్దనాన్నగారి మామిడితోటకు వెనుక ఊరి చెరువు, ఆ చెరువుకు అవతల ఒక చిన్న గుట్టల వరుస ఉన్నాయి. ఈ రెంటికీ మధ్య ఉన్న సుమారు ఒక చదరపు కిలోమీటరు నేలకు ఓరియెంటీరింగ్ మ్యాపు తయారు చేయాలనీ, అదే వారంలో అదే నేల మీద మా కుక్కలకు బయటి శిక్షణ ఇవ్వాలనీ రెండేళ్లుగా అనుకుంటూ వచ్చి, ఈ డిసెంబరులో మొదలుపెట్టాము. పనిలో ఉన్నది నేను, మా చెల్లెలు, ఇద్దరు మిత్రులు. మాతో నాలుగు కుక్కలు ఉన్నాయి. చుక్క నాలుగేళ్ల ఊరకుక్క, బంటి లాబ్రడార్, వీర ముధోల్ వేటకుక్క, జిలేబి బీగిల్. నాలుగింటి స్వభావాలూ వేరు. ముధోల్ జాతి కంటితో వేటాడుతుంది, బీగిల్ ముక్కుతో వేటాడుతుంది, లాబ్రడార్ మనిషి చెప్పిన వస్తువును తెచ్చి ఇవ్వడానికి పెంచిన జాతి, ఊరకుక్కకు తన నిర్ణయాలు తాను తీసుకొనే అలవాటు ఉంటుంది. ఈ తేడాలు మ్యాపు పనిలో ఇంతగా ఉపయోగపడతాయని మొదటి రోజున నేను ఊహించలేదు.

ఓరియెంటీరింగ్ అంటే చేతిలో మ్యాపు, దిక్సూచి పట్టుకొని, మ్యాపులో గుర్తించిన చోట్లను వరుస తప్పకుండా చేరుకొనే ఆట. స్కాండినేవియా దేశాల్లో సైనిక శిక్షణగా పుట్టి, ప్రజల్లోకి వచ్చి, 1961లో పది దేశాలు కలిసి అంతర్జాతీయ సమాఖ్యను ఏర్పాటు చేసుకొనే స్థాయికి ఎదిగింది. దాని మ్యాపులకు సొంత భాష ఉంది. ఎత్తు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) గోధుమ రంగులో, రాళ్లూ బండలూ నలుపులో, నీళ్లు నీలంలో, తెరిపి నేల (చెట్లు లేని ఖాళీ నేల) పసుపులో ఉంటాయి. సులువుగా పరుగెత్తగలిగే చెట్ల నేలను తెలుపుగా వదిలేస్తారు. పొద ఎంత చిక్కబడితే ఆకుపచ్చ అంత ముదురుతుంది. కొత్తవారికి ఇక్కడే తికమక కలుగుతుంది, ఎందుకంటే మామూలు మ్యాపులో పచ్చ రంగు అడవిని ఆహ్వానంగా చూపిస్తే, ఈ మ్యాపులో ముదురు పచ్చ అడ్డంకిని చూపిస్తుంది.

రిజర్వు అడవిలోకి కుక్కలతో వెళ్లకూడదని ముందే నిర్ణయించుకున్నాము. ఎంచుకున్న నేల కొంత పెద్దనాన్నగారిది, కొంత పక్క రైతులది, మిగిలినది ఊరి ఉమ్మడి మేత భూమి. అందరినీ స్వయంగా కలిసి అడిగాము, పంచాయతీలో చెప్పాము, గొర్రెల కాపరులతో ఏ పూట ఏ వైపు మందలు మేస్తాయో మాట్లాడుకున్నాము. 2021 ఫిబ్రవరిలో కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చిన తరువాత మన దేశస్థులు మ్యాపులు గీసుకోవడానికి ముందస్తు అనుమతి అవసరం లేకుండా పోయింది. దాని వల్లనే మావంటి చిన్న బృందం ధైర్యంగా ఇటువంటి పని చేయగలుగుతున్నది. యాచారం, కడ్తాల్ వైపు చిరుత దూడలను చంపిన వార్తలు గత కొన్నేళ్లలో వచ్చాయి కాబట్టి, పొద్దు గూకిన తరువాత ఎవరూ గుట్ట మీద ఉండకూడదనీ, ఏ కుక్కనూ తాడు లేకుండా వదలకూడదనీ రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాము. వారమంతా వాటిని తప్పలేదు.

మొదటి రోజు, ఆదివారం

మ్యాపుకు అడుగు పొర సిద్ధం చేయడంతోనే రోజు గడిచింది. ఉపగ్రహ చిత్రాన్ని, 2000 సంవత్సరంలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల సమాచారాన్ని ఓపెన్‌ఓరియెంటీరింగ్ మ్యాపర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, 5 మీటర్ల తేడాతో ఎత్తు గీతలు గీయించాను. ఆ ఎత్తుల సమాచారంలో నేల 30 మీటర్ల గళ్లుగా ఉంటుంది. అందువల్ల గుట్ట మొత్తం ఆకారం బాగానే వచ్చింది కానీ, మూడు పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి నిలిచి దూరానికి గోపురంలా కనిపించే శిఖరం గీతల్లో మెత్తని బోర్లించిన గిన్నెలా వచ్చింది. ఇటువంటి చోట యంత్రం ఇచ్చిన గీతను నమ్మకూడదు, నేల మీదికి వెళ్లి కంటితో చూసి దిద్దాలి.

మ్యాపు స్కేలు 1:5000గా పెట్టుకున్నాము. ఒక సెంటీమీటరుకు 50 మీటర్లు, అంటే ఒక కిలోమీటరు 20 సెంటీమీటర్లలో వచ్చి ఏ4 కాగితం వెడల్పులో సరిగ్గా ఇముడుతుంది. సర్వే ఆఫ్ ఇండియా మామూలుగా ఇచ్చే 1:50,000 మ్యాపులో ఇదే నేల రెండు సెంటీమీటర్ల చదరం. మ్యాపు మీది ఉత్తర గీతలను అయస్కాంత ఉత్తరానికి సరిచేశాను. మన ప్రాంతంలో అసలు ఉత్తరానికీ దిక్సూచి చూపే ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ దగ్గరే ఉంటుంది. కిలోమీటరు నడిస్తే ఒక డిగ్రీ తప్పుకు 17 మీటర్ల దూరం జరుగుతాము కాబట్టి, చిన్నదైనా ఆ దిద్దుబాటు వదలకూడదు.

సాయంత్రం చెరువుకట్ట మీదుగా, బండిబాట మీదుగా, తోట కంచె వెంట జీపీఎస్ పట్టుకొని నడిచాము. కుక్కలకు ఆ రోజు పని ఏమీ ఇవ్వలేదు. కొత్త నేలలో మొదటి రోజు వాటిని వాసన చూడనివ్వడమే శిక్షణ. గుట్ట మీద నుంచి చుట్టూ చూసినప్పుడు, 1818లో హైదరాబాదు వచ్చి, భారతదేశపు త్రికోణ సర్వేను నడిపిన లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరిన జార్జ్ ఎవరెస్ట్ (ఎవరెస్టు శిఖరానికి పెట్టినది ఈయన పేరే) గుర్తుకు వచ్చాడు. గుట్ట నుంచి గుట్టకు చూపు కలుపుతూ త్రికోణాలు అల్లిన ఆ సర్వేలో, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరం పట్టి ఆయన 1820లో కోలుకోవడానికి దక్షిణాఫ్రికా కొసకు వెళ్లవలసి వచ్చింది. మేము వానాకాలం దాటేదాకా ఆగడానికి దోమలూ పాములూ పిడుదులూ కారణం. రాత్రి పడుకొనే ముందు నాలుగు కుక్కలకూ చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో వేలు పెట్టి తడిమి పిడుదుల కోసం చూశాము. జిలేబి చెవి వెనుక రెండు దొరికాయి. పిడుదుల వల్ల వచ్చే జ్వరం మన దగ్గర కుక్కల ప్రాణాల మీదికి తెస్తుంది కాబట్టి ఈ పని రోజూ చేయవలసిందే.

రెండవ రోజు, సోమవారం

అడుగుల లెక్కకూ, దిక్సూచి నడకకూ ఈ రోజును కేటాయించాము. కట్ట మీద టేపుతో 100 మీటర్లు కొలిచి, కుడికాలు నేలను తాకిన ప్రతిసారీ ఒకటి లెక్కపెడుతూ నడిస్తే, ఒంటరిగా నాకు 64 జోడడుగులు వచ్చాయి. బంటిని నడుము పట్టీకి కట్టుకొని నడిచినప్పుడు అదే దూరం 58కి తగ్గింది. అది ముందుకు లాగుతుంటే తెలియకుండానే నా అంగ పెరుగుతున్నది. చుక్కతో నడిస్తే 67 వచ్చింది. ఆమె పది అడుగులకు ఒకసారి ఆగుతుంది, ఆగి కదిలిన తరువాత నా మొదటి అడుగులు చిన్నవవుతాయి. ఒంటరి లెక్కతో బంటి వెంట 300 మీటర్లు వెళ్తే 30 మీటర్లు దాటిపోతాము. గుట్టల్లో 30 మీటర్లంటే ఒక బండకు బదులు మరో బండ దగ్గర నిలబడటం. అందువల్ల ప్రతి మనిషికీ ప్రతి కుక్కతో విడివిడిగా కొలిచి, ఆ అంకెలను మ్యాపు వెనుక రాసుకున్నాము.

మధ్యాహ్నం జరిగిన పొరపాటు వివరంగా రాసి పెట్టదగినది. తోట మూల నుంచి 300 మీటర్ల దూరంలో ఉన్న ఒంటరి ఈతచెట్టుకు దిక్కు పట్టి నడిచాను. తీరా చేరితే చెట్టు నాకు కుడివైపు నలభై మీటర్ల అవతల ఉంది. వెనక్కి వెళ్లి మళ్లీ నడిచాను, మళ్లీ అటే తప్పింది. చెల్లెలు నడిస్తే సరిగ్గా చెట్టు దగ్గరికే చేరింది. ఇద్దరి దిక్సూచులనూ మార్చుకొని చూసినా తప్పు నా వెంటే వచ్చింది. చివరకు నా నడుము పట్టీకి ఉన్న ఇనుప కొక్కేన్ని దిక్సూచి దగ్గరికి తెచ్చి చూస్తే, ముల్లు నెమ్మదిగా దాని వైపు వాలడం కనిపించింది. దిక్సూచిని ఛాతీ ఎత్తున పట్టుకుంటే కదలిక లేదు. బంటి లాగినప్పుడు చేయి కిందికి జారి పొట్ట దగ్గరికి వచ్చేది, కొక్కెం ముల్లును ఎనిమిది డిగ్రీల దాకా లాగేది. 300 మీటర్లకు ఎనిమిది డిగ్రీలంటే సుమారు 42 మీటర్లు, నేను తప్పింది దాదాపు అంతే. సాయంత్రం ఇబ్రహీంపట్నం వెళ్లి నలుగురి పట్టీలకూ ఇత్తడి కొక్కేలు వేయించాము. ఇత్తడి ముల్లును లాగదు. కుక్క మెడకు కట్టే జీపీఎస్ పెట్టెనూ, జేబులో ఫోన్‌నూ కూడా దిక్సూచి చేతికి దూరంగా ఉంచాలని అందరికీ చెప్పాను.

మూడవ రోజు, మంగళవారం

ఈ ప్రాజెక్టులో నేను అన్నిటికన్నా ఎక్కువగా ఎదురుచూసిన పని బండల మ్యాపు. దక్కన్ గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. పగుళ్ల వెంట నీరు దిగి, మూలలు ముందుగా అరిగి, మట్టి కొట్టుకుపోయిన తరువాత మిగిలిన గుండ్లే ఇప్పుడు మనం చూసే గుట్టలు. ఓరియెంటీరింగ్ నియమాల ప్రకారం ఒక మీటరుకు తక్కువ ఎత్తున్న బండను మ్యాపులో గీయకూడదు, రెండు మీటర్లు దాటితే పెద్ద బండ గుర్తు వేయాలి. నియమం చదివినప్పుడు తేలికగా ఉంటుంది. నేల మీద నిలబడితే ఒక్క చూపులో నూరు బండలు కనిపిస్తాయి. మ్యాపులో బండకు వేసే చిన్న నల్లచుక్క నేల మీద ఆరు మీటర్ల వెడల్పును ఆక్రమిస్తుంది కాబట్టి, మూడు మీటర్ల ఎడంలో ఉన్న రెండు బండలకు రెండు చుక్కలు వేస్తే అవి కలిసిపోతాయి. ఏది గీయాలో నిర్ణయించడం కన్నా ఏది వదలాలో నిర్ణయించడానికే ఎక్కువ సమయం పట్టింది. పరుగెత్తి వచ్చే మనిషి నాలుగు వైపుల నుంచీ దూరం నుంచే గుర్తుపట్టగలిగిన బండకు చుక్క వేశాను, మిగిలిన గుంపును రాళ్ల నేల గుర్తుతో నింపాను. చదునుగా పరుచుకున్న పరుపుబండలకు బూడిద రంగు వేశాను.

ఎత్తు కొలవడానికి నా శరీరమే కొలబద్ద. నడుము దాటితే ఒక మీటరు, చేయి పైకెత్తితే అందే కొన రెండు మీటర్ల పైన కొంచెం. ఉదయం ఆరున్నర నుంచి పదకొండు దాకా, మళ్లీ మూడున్నర నుంచి ఐదున్నర దాకా చేస్తే గుట్ట ఉత్తరపు వాలు సగం పూర్తయింది.

పదిన్నర ప్రాంతంలో, నేను ఒక బండను కొలుస్తుండగా చుక్క ముందుకు కదలకుండా నిలబడిపోయింది. నిన్న కూడా ఇదే చోట ఆగింది, నేను లాగి తీసుకుపోయాను. తల ఎత్తి, ముక్కుపుటాలు కదిలిస్తూ, చెవులు ముందుకు పెట్టి ఎడమవైపు సందులోకి చూస్తున్నది. నేను మళ్లీ తాడు లాగబోతుంటే పైనుంచి గొర్రెల కాపరి తాత గొంతు వినిపించింది.

"ఆ కుక్కను గుంజకు బిడ్డా. దానికి నీళ్ల వాసన తగిలింది. ఆ పెద్ద బండ ఎన్కకు దోనె ఉన్నది."

"ఎండకాలంల గూడ నీళ్లుంటయా తాతా?"

"నడి ఎండకాలంల గూడ ఎండది. మోకాలు లోతుంటది. మా గొర్లు ఆడ్నే తాగుతయ్."

తాడు వదులు చేస్తే చుక్క ఇద్దరు మనుషులు పక్కపక్కన పట్టనంత ఇరుకైన సందులోంచి నన్ను తీసుకువెళ్లింది. రెండు బండల నీడలో, పైనుంచి ఏ మాత్రం కనిపించని చోట, మంచం అంత దోనె, అంటే బండలో నీళ్లు నిలిచే పల్లం, ఉంది. నీటి మీద మోదుగాకు ఒకటి తేలుతున్నది. అంచున గొర్రెల గిట్టల గుర్తులు, వాటి మధ్య నెమలి కాలి ముద్రలు ఉన్నాయి. ఉపగ్రహ చిత్రంలో అక్కడ బండ నీడ తప్ప మరేమీ లేదు. నేనొక్కదాన్నే వచ్చి ఉంటే నా మ్యాపులో అక్కడ రెండు నల్లచుక్కలు మాత్రమే ఉండేవి. ఎండిపోని నీటి చోటును వదిలేసిన మ్యాపును నేను మంచి మ్యాపు అనుకొని అచ్చు వేయించి ఉండేదాన్ని.

నీలి రంగులో గుర్తు వేసి, తాతగారి మాట ప్రకారమే దానికి దోనెబండ అని పేరు రాసుకున్నాను. ఆ పూటే ప్రాజెక్టులో ఒక కొత్త పని చేర్చాను. కుక్క తనంతట తాను ఆగిన ప్రతి చోటునూ జీపీఎస్‌తో గుర్తించి, సమయం, గాలి దిక్కు, అది చూసిన దిక్కు, దొరికితే కారణం రాయాలి. సాఫ్ట్‌వేర్‌లో దీనికి వేరే గుర్తు తయారు చేశాను, అచ్చు వేసేటప్పుడు దాన్ని కనిపించకుండా దాచవచ్చు.

నాలుగవ రోజు, బుధవారం

ఈ రోజు గుట్ట ఎక్కలేదు. ఉదయం నడకలోనే బంటి మూడు కాళ్ల మీద కుంటడం మొదలుపెట్టింది. ముందుకాలి మెత్తలో పల్లేరుకాయ ముల్లు విరిగి లోపల ఉండిపోయింది. చిమటాతో తీసి, ఉప్పునీటితో కడిగి, గుడ్డ చుట్టి కూర్చోబెట్టాము. మిగిలిన మూడింటికీ కూడా ఒక పూట విశ్రాంతి అవసరమనిపించింది. మధ్యాహ్నం రెండు గంటలకు పరుపుబండ మీద అరచేతి వెనుక భాగం ఆనించి చూస్తే, డిసెంబరులో కూడా ఏడు సెకన్లు ఉంచడం కష్టమైంది. కుక్కకు చెమట దాదాపుగా పాదాల మెత్తల్లో మాత్రమే పడుతుంది, వేడిని నాలుక చాచి రొప్పడం ద్వారానే బయటికి పంపాలి. అందువల్ల పరుపుబండలను దాటే దారులను పదకొండు తరువాత వాడకూడదని మ్యాపులో వాటి పక్కనే గుర్తు పెట్టాను. మిగిలిన రోజంతా గీతలు దిద్దడంలో గడిచింది.

ఐదవ రోజు, గురువారం

మొదటి శిక్షణ కోర్సు, అంటే వరుసగా చేరుకోవలసిన చోట్ల దారి. మ్యాపులు అచ్చు వేసి, ఎనిమిది చోట్ల నారింజ, తెలుపు రంగుల జెండాలు కట్టాము. ప్రతి జెండా దగ్గర కుక్కకు ఒక పని పెట్టాము. ఒక చోట తాడు వదులుగా ఉండగా కదలకుండా కూర్చోవాలి, ఒక చోట కాలిబాట పక్కన పడేసిన చేతితొడుగును వెతికి చూపించాలి, రెండు చోట్ల దాక్కున్న మనిషిని కనిపెట్టాలి. మనిషికి మ్యాపు చదివే పని, కుక్కకు ముక్కు పని, రెంటికీ మధ్య పది మీటర్ల తాడు. మ్యాపు చదివేటప్పుడు కుక్క ఆగాలి, కుక్క పని చేసేటప్పుడు మనిషి మ్యాపు మడిచి జేబులో పెట్టాలి. ఈ రెండవ భాగాన్ని పాటించడానికి మాకు కుక్కలకన్నా ఎక్కువ సమయం పట్టింది.

దాక్కున్న మనిషిని వెతికే పనిలో జిలేబి మాకు పాఠం చెప్పింది. మా మిత్రుడు ఒక ఒంటరి బండకు తూర్పున కూర్చున్నాడు. గాలి తూర్పు నుంచి పడమరకు వీస్తున్నది. జిలేబి బండ దగ్గరికి రాకముందే పదిహేను మీటర్ల అవతల, రెండు బండల మధ్య ఉన్న ఖాళీ గూట్లోకి దూరి, అక్కడే తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. అక్కడ ఎవరూ లేరు. ఆమె తప్పు చేసిందని అనుకొని పక్కకు తిప్పబోయాము. పిండి ఒక చిటికెడు తీసి గాలిలో వదిలి చూస్తే అసలు సంగతి తెలిసింది. గాలి పెద్ద బండను చుట్టి వచ్చి, వెనుక సుడి తిరిగి, ఆ గూట్లో నిలిచిపోతున్నది. మనిషి వాసన అక్కడ నీళ్లు నిలిచినట్టు నిలిచింది. జిలేబికి అక్కడ దొరికినది నిజమైన వాసనే, మూలం మరోచోట ఉంది. తాడు పట్టిన మనిషి ఆ గూడు నుంచి గాలికి ఎదురుగా ఆమెను నడిపిస్తే, అర నిమిషంలో మిత్రుడి దగ్గరికి చేరింది. ఉదయపు చల్లగాలి వాలు వెంట కిందికి జారుతుంది కాబట్టి వాసన కూడా కిందికి దిగుతుంది, ఎండ ఎక్కాక నేల వేడెక్కి పైకి లేస్తుంది. ఒకే చోట కూర్చున్న మనిషిని ఉదయం ఏడింటికి దిగువ నుంచీ పదింటికి ఎగువ నుంచీ కుక్క పట్టుకోవడం మేము రెండుసార్లు చూశాము. ఎత్తు గీతలు చదవగలిగిన మనిషికే కుక్క ఎటు నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుందని నాకు గట్టిగా అనిపించింది.

వీరతో కష్టమైంది. తెరిపి నేలలో కుందేలు లేవగానే అది ఒక్క దూకు దూకింది, తాడు చేతిలోంచి రాసుకుపోయి మా మిత్రురాలి అరచేతి చర్మం లేచింది. కంటితో వేటాడే జాతికి పసుపు రంగు నేలలో పొడవు తాడు ఇవ్వడం మా పొరపాటు, కుక్కది కాదు. ఇక నుంచి తెరిపిలో రెండు మీటర్ల తాడు, పొదల్లో మాత్రమే పొడవు తాడు, చేతులకు తొడుగులు తప్పనిసరి.

ఆరవ రోజు, శుక్రవారం

చెల్లెలు ఐదవ జెండా దగ్గర నలభై నిమిషాలు తప్పిపోయింది. దక్షిణపు వాలులో తెల్లగా గీసిన నేలలోకి దిక్కు పట్టి దిగితే, సీతాఫలం పొదలు ఛాతీ ఎత్తున అల్లుకొని, మధ్యలో పరికి కంప అడ్డం వచ్చి, ముందుకు పోలేక వెనక్కి రాలేక నిలబడిపోయింది. "అక్కా, నువ్వు తెల్లగా గీసిన చోట నేను మోకాళ్ల మీద పాకాను" అని వచ్చి గీరుకుపోయిన చేతులు చూపించింది. తప్పు పూర్తిగా నాదే. ఆ భాగాన్ని నేను స్వయంగా నడవకుండా ఉపగ్రహ చిత్రాన్ని చూసి గీశాను. చిత్రం తీసిన తేదీ ఇప్పుడు వెతికి చూస్తే ఏప్రిల్. సీతాఫలం ఎండాకాలం ముందే ఆకు రాలుస్తుంది కాబట్టి, ఏప్రిల్ చిత్రంలో ఆ వాలు ఎర్రమట్టి కనిపించే తెరిపిలా ఉంది. వానలు పడి ఆరు నెలలు గడిచిన డిసెంబరుకు అది గోడ. స్వీడన్‌లోనో ఫిన్లాండ్‌లోనో పైన్ అడవికి ఒకసారి వేసిన రంగు ఏళ్ల తరబడి నిలుస్తుంది, మన కంప అడవికి ఏ నెలలో పరిశీలించామో మ్యాపు మీద రాయకపోతే ఆ రంగుకు విలువ లేదు. మ్యాపు అడుగున డిసెంబరు పరిశీలన అని పెద్ద అక్షరాలతో చేర్చాను.

అదే వాలును మధ్యాహ్నం చుక్కతో నడిచినప్పుడు మరో విషయం తెలిసింది. ఆమె ఏ అడ్డంకీ లేకుండా పొదల కిందికి దూరి, తాడు కొసన, పది మీటర్ల అవతల నుంచి నా వైపు చూసింది. వంగి చూస్తే పొదల అడుగున మోకాలెత్తు సొరంగాల్లా మేకలు నడిచిన దారులు కనిపించాయి. వాటిని గీయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మనిషి పోలేని దారిని మనిషి చదివే మ్యాపులో గీస్తే మోసం చేసినట్టవుతుంది. కానీ తప్పిపోయిన కుక్కను వెతకవలసి వస్తే ఆ దారులు తెలిసి ఉండటం ఎంతో అవసరం. వాటిని కుక్క ఆగిన చోట్ల పొరలోనే చేర్చి, ఆట మ్యాపు నుంచి దాచాను.

ఏడవ రోజు, శనివారం

వారం మొత్తంలో నాలుగు కుక్కలూ కలిసి తమంతట తాము ఆగిన చోట్లు 61 నమోదయ్యాయి. వాటిలో 23 చోట్ల కారణం కంటికి దొరికింది. దోనె కాకుండా మరో రెండు నీటి గుంటలు, అడవిపందులు తవ్విన పల్లం, ఒక పాత కళేబరం, తేనెపట్టు, పాము కుబుసం పడి ఉన్న పుట్ట, మందలు రాత్రి నిలిచే చోట్లు వాటిలో ఉన్నాయి. పుట్ట ఉన్న చోటు మీదుగా వెళ్లే దారిని కోర్సు నుంచి తీసేశాను, రక్తపింజర తిరిగే నేలలో ఇది కుక్క ఇచ్చిన హెచ్చరికగానే తీసుకున్నాను. మిగిలిన 38 చోట్లకు కారణం తెలియదు. ఒకే చోట రెండు వేర్వేరు కుక్కలు వేర్వేరు రోజుల్లో ఆగినవి వాటిలో ఐదు ఉన్నాయి. సంక్రాంతి తరువాత మొదట వాటి దగ్గరికే వెళ్లాలి.

ఉదయం చివరి కోర్సు అందరూ పూర్తి చేశారు. బంటి కాలు మానినా దానికి సగం దూరమే ఇచ్చాము. నైరుతి మూలలోని పాత క్వారీ అంచులు ఇంకా పరిశీలించలేదు, రెండు మీటర్లు దాటిన నిట్టనిలువు అంచులను తప్పుగా గీస్తే ప్రమాదం కాబట్టి ఆ భాగాన్ని మ్యాపులో ఊదా రంగు గళ్లతో మూసివేసి ఎవరినీ వెళ్లనివ్వలేదు.

మధ్యాహ్నం యాచారంలో అచ్చు వేయించిన మ్యాపు ఒకటి తాతగారికి ఇచ్చాము. ఆయన దాన్ని చేతిలోకి తీసుకొని, ముందు గుట్ట వైపు తిరిగి, కాగితంలోని శిఖరం అసలు శిఖరం వైపు వచ్చేదాకా నెమ్మదిగా తిప్పి, అప్పుడు చూడటం మొదలుపెట్టారు. కొత్తవారికి మేము మొదటి గంటంతా నేర్పే పని అది. నీలి గుర్తు మీద వేలు పెట్టి, "ఇది మన దోనె" అన్నారు. తరువాత వేలు తూర్పుకు జరిపి, "ఈ బాట ఇట్ల పోదు బిడ్డా. యాపచెట్టు దాటినంక కిందికి దిగుతది" అన్నారు.

చుక్కను తీసుకొని వెంటనే వెళ్లి చూశాము. బాట వేపచెట్టు దాటిన తరువాతే దిగుతున్నది, నేను గీసిన మలుపుకు ముప్పై అడుగుల అవతల. అక్కడే నిలబడి ఫోన్‌లో గీతను దిద్దాను.